ఆటోనగర్ నుంచి హాన్లే దాకా ఒక పాత థార్

మాది 2017 మోడల్ మహీంద్రా థార్ జీపు. పాత తరం సీఆర్‌డీఈ రకం. 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), 60 లీటర్ల ట్యాంకు. బెజవాడలో దాని బతుకంతా ఆఫీసుకీ పొలానికీ మధ్య తిరగడమే. మహా అయితే వానాకాలంలో మారేడుమిల్లి ఘాటు. ఆ బండిలో కిన్నౌర్, స్పితి మీదుగా కుంజుమ్ కనుమ దాటి, లాహౌల్ గుండా లడఖ్‌లోకి దిగి, హాన్లే దాకా వెళ్లి రావాలని మా బావకీ నాకూ పంతం పుట్టింది. నెల సెప్టెంబరు అనుకున్నాం. జులై, ఆగస్టుల్లో కిన్నౌర్ వైపు కొండచరియలు విరిగిపడుతుంటాయి, పైన మంచు కరిగి నాలాలు, అంటే కొండ వాగులు, పొంగుతుంటాయి. అక్టోబరు గడిచేకొద్దీ కుంజుమ్ మీద మంచు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ముందుగా ఒక మాట చెప్పాలి. మనాలి–లేహ్ రోడ్డు ఇప్పుడు చాలా వరకు తారు రోడ్డే. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే బాధ కూడా తప్పింది. చిన్న కార్లు హాయిగా వెళ్లొస్తున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా పనికొచ్చే చోటు కుంజుమ్ దిగాక బాతల్ నుంచి ఛత్రు మీదుగా గ్రాంఫూ దాకా ఉన్న రాళ్ల దారి, ఆ తర్వాత సో కర్, హాన్లే చుట్టుపక్కల మట్టి బాటలు. మిగతా దారి అంతటా కావలసింది బండి ఒంట్లో బాగుండడం. అంత దూరంలో పెద్ద గోతిలో పడి ఆగిపోయే బండ్లు తక్కువ. రోజంతా రాళ్ల మీద గడగడలాడి వదులైన నట్టు, ఎండిపోయి పగిలిన హోస్ పైపు, నీళ్లు కలిసిన డీజిల్, వేడికి చచ్చిన క్లచ్... ఆపేవన్నీ ఇలాంటివే. కాబట్టి మా డబ్బులో సింహభాగం ఆటోనగర్ మేస్త్రీ గారి దగ్గరే ఖర్చు పెట్టాలని ముందే అనుకున్నాం.

బావకి మాత్రం మనసంతా సామాన్ల మీదే. టాప్ మీద ఎల్ఈడీ లైట్ల బారు, ముందు పెద్ద బుల్ బారు, ఒక సైజు పెద్ద టైర్లు, మెట్ల నిచ్చెన. ఒక్కొక్కటీ కొట్టేయడానికి నాకు వారం పట్టింది. బుల్ బార్లను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వద్దంది. తయారీదారు ఇచ్చిన కొలతలను మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. సైజు పెద్ద టైరు వేస్తే గేరింగు ఎత్తుగా మారినట్టే, సన్న గాలిలో ముందే నీరసపడే ఇంజను మీద ఇంకాస్త బరువు పెట్టినట్టే. ఇక లైట్ల బారు సంగతి. మేం వెళ్లే హాన్లే 2022 నుంచి డార్క్ స్కై రిజర్వు, అంటే నక్షత్రాలు చూడడానికి రాత్రి చీకటిని కాపాడే ప్రాంతం. అక్కడ రాత్రిళ్లు ఉన్న హెడ్‌లైట్లే తగ్గించుకోమంటారు. "అయితే బారు ఎవరికి చూపిస్తావు బావా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. టైర్లు మాత్రం మార్చాం. అదే 235/70 ఆర్16 సైజులో, మట్టికీ తారుకీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం. వీటి పక్క గోడలు కాస్త దళసరి. బాతల్ దారిలో టైరు పోయేది ఎక్కువగా పక్క గోడ కోసుకుపోయే.

మేస్త్రీ గారు లారీల మనిషి. థార్‌ని చూసి ముందు ఇంజను బానెట్ కూడా ఎత్తలేదు. బండి కింద పడుకుని, చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునా ఒక్కో నట్టునీ తట్టుకుంటూ పోయారు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులుగా ఉన్నది బొంగురుగా మోగుతుంది. అలా కింద నుంచే కేక వేసి మాతో రాయించిన జాబితాలో కమాన్ కట్టల యూ బోల్టులు, సైలెన్సర్ రబ్బర్లు, షాక్ అబ్జార్బర్ కింది బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు (షాఫ్టు కీళ్లు) ఉన్నాయి. క్రాస్‌ల గ్రీజు నిపుల్స్‌లో ఒకటి మట్టితో మూసుకుపోయి ఉంది. గన్‌తో ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోకుండా పక్కనుంచి కారుతోంది. నిపుల్ మార్చి కొడితే, ముందు ఎర్రటి తుప్పు నీళ్లు, ఆ వెనక నల్లటి పాత గ్రీజు, చివరికి కొత్త గ్రీజు నాలుగు మూలల నుంచీ సన్నగా బయటికొచ్చింది. నాలుగు వైపులా కొత్త రంగు కనబడేదాకా కొట్టడం ఆపకూడదన్నారు. తర్వాత దారి పొడుగునా మేం వాడింది ఆ గుర్తే.

ఆయన నేర్పిన రెండో సంగతి విడిభాగాల గురించి. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోస్ పైపులు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు అన్నీ కొత్తవి కొని డబ్బాలో పెట్టుకుని బయల్దేరదామని మా ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు.

"కొత్తవి బండికి ఎక్కించండి బాబూ. విప్పిన పాతవి సంచిలో వేసుకోండి. పాతది మీ బండిలో తిరిగింది, సరిపోతుందని తెలుసు. డబ్బాలో ఉన్నది సరిపోతుందో లేదో కొండ మీద చూసుకుంటారా?"

ఆ మాట ఎంత నిజమో మర్నాడే తెలిసింది. ఒక షాపులో మా మోడల్‌దే అని ఇచ్చిన పై హోస్ పైపు వంపు వేరు. రేడియేటర్ మూతికి తొడిగితే ఇంజను వైపు రెండంగుళాలు ఎడంగా నిలబడింది. వెనక్కిచ్చి సరైనది తెచ్చాం. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చేశాం. బండి లక్ష కిలోమీటర్లకి దగ్గరపడింది, దింపితే ఎలాగూ కూలి ఒక్కటే. పాత ప్లేటు ఇంకా కొంతకాలం పనిచేసేదే. కానీ ఎత్తు మీద టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పరికరం) అందుకునేలోపు ఇంజనులో పస ఉండదు. నిట్టనిలువు మలుపులో బండి ఆగితే మళ్లీ కదిలించడానికి అందరూ క్లచ్‌నే కాలుస్తారు. లడఖ్ దారుల్లో రోడ్డు పక్కన ఆగి కమురు వాసన కొట్టే బండ్లలో చాలా వాటి కథ ఇదే.

బ్రేక్ ఆయిల్ పూర్తిగా తీసి మార్చాం. ఇది చాలామంది పట్టించుకోని పని. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకునేకొద్దీ అది దిగజారి 155 దగ్గరికి వచ్చేస్తుంది. మన మైదానాల్లో తేడా తెలియదు. బారాలాచా కనుమ నుంచి దిగేటప్పుడు పొడవునా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే, ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడితే, అప్పుడు తెలుస్తుంది.

రేడియేటర్ మూత గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అయిదు వేల మీటర్ల ఎత్తులో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజను మామూలుగా నడిచే వేడే 85, 90. కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) మరగకుండా ఆపేది ప్రధానంగా ఆ మూతలోని స్ప్రింగు, అది లోపల నిలబెట్టే ఒత్తిడి. కుక్కర్‌కి వెయిట్ ఎలాగో ఇంజనుకి ఈ మూత అలాగ. రబ్బరు వాషరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, బండిలో ఏ రోగమూ లేకుండానే కూలెంట్ పొంగిపోతుంది. వెల చాలా తక్కువ, కళ్లు మూసుకుని మార్చేయండి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ నీళ్లు సగం. ఆ పాళ్లలో ఉంటే మైనస్ 35 దాకా గడ్డకట్టే భయం లేదు. బెజవాడలో ఎన్నో బండ్ల రేడియేటర్లలో ఉండేది పంపు నీళ్లే. వాటితో హాన్లేలో రాత్రి నిలిపితే రేడియేటర్ పగలొచ్చు.

అంతా సర్దుకున్నాక కాటాకి తీసుకెళ్లాం. లారీ కాటాయే. ట్యాంకు నింపి, మేమిద్దరం కూర్చుని, సామానంతా పెట్టి, ముందు చక్రాలు మాత్రం పళ్లెం మీదికి ఎక్కించి ఒకసారి, బండంతా ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఉంచి ఒకసారి తూచాం. కాటా అబ్బాయి మాకు పిచ్చేమోనన్నట్టు చూశాడు. కానీ ఆ మూడు చీటీలు చూస్తే లెక్క కళ్లకు కట్టింది. మొత్తం బరువు పరిమితికి అంగుళం దూరంలో ఉంది, అదనంగా వేసిందంతా వెనక ఇరుసు మీదే పడింది, ముందు చక్రాలు తేలికపడ్డాయి. 20 లీటర్ల డీజిల్ క్యాను ఒక్కోటి 17 కిలోలు, నీళ్ల క్యాను 20 కిలోలు. ఇవి తప్పవు. మడత బల్ల, రెండో గ్యాస్ స్టౌ, ఇనప పెట్టెలో నింపిన పానాల్లో మా బండికి పట్టని సైజులన్నీ దించేశాం. డీజిల్ క్యాన్లను వెనక తలుపు దగ్గర నుంచి తీసి, వెనక ఇరుసుకి ముందు, నేలకి అంటుకుని ఉండేలా బెల్టులతో బిగించాం. టాప్ క్యారియర్ మీద పడక సామాను, టార్పాలిన్ తప్ప ఇంకేమీ లేదు. అత్తయ్య ఇచ్చిన ఆవకాయ, గోంగూర జాడీల జోలికి పోయే ధైర్యం ఇద్దరికీ లేదు. అవి బరువుగానే వచ్చాయి.

ఇంధనం లెక్క ఇలా వేశాం. తాండీ పంపు దగ్గర ఇక 365 కిలోమీటర్ల వరకూ పంపు లేదని బోర్డు ప్రసిద్ధి. అది నేరుగా లేహ్ వెళ్లేవాళ్లకి. మేం మోరే మైదానాల్లో డెబ్రింగ్ దగ్గర పక్కకి తిరిగి, సో కర్, మాహే, న్యోమా మీదుగా హాన్లే చేరి, అక్కడి నుంచి ఉమ్లింగ్ లా కనుమ ఎక్కి దిగి, ఆ తర్వాతే లేహ్ వైపు రావాలి. మధ్యలో ఎక్కడా డీజిల్ దొరకదు అనుకునే కూడితే 800 కిలోమీటర్లు దాటింది. కొండల్లో, సగం దూరం చిన్న గేర్లలో, మా బండి లీటరుకి తొమ్మిదో పదో ఇస్తుందనుకుంటే ట్యాంకు ఒక్కటీ చాలదు. రెండు క్యాన్లు కలిపితే వంద లీటర్లు, కాస్త ఊపిరి పీల్చుకునే లెక్క. క్యాను నుంచి పోసేటప్పుడు సన్న జాలీ ఉన్న గరాటు వాడాం. పోసే ముందు క్యానుని గంటసేపు కదపకుండా ఉంచి, అడుగున ఒక అంగుళం వదిలేసేవాళ్లం. నీళ్లుంటే అక్కడే ఉంటాయి. డీజిల్ ఫిల్టర్ కింద ఉండే మరను వదులు చేసి, గాజు గ్లాసులోకి కొద్దిగా వదిలి చూడడం రెండు రోజులకోసారి పని.

డీజిల్‌లో ఇంకో మెలిక ఉంది. మన ప్రమాణాల ప్రకారం వేసవి డీజిల్ 18 డిగ్రీలకు, శీతాకాలపు డీజిల్ 6 డిగ్రీలకు దిగితే ఫిల్టర్ మూసుకునేలా మైనం కట్టవచ్చు. అన్ని డీజిళ్లూ అక్కడే గడ్డకడతాయని కాదు, అంతకంటే మంచి పూచీ ఎవరూ ఇవ్వలేదని అర్థం. బెజవాడలోనో ఝాన్సీలోనో నింపిన డీజిల్‌తో హాన్లే తెల్లవారుజాము చలికి వెళ్లడం ఎందుకని, మైదానం డీజిల్‌ని రాంపూర్ దాటేసరికి అయిపోగొట్టేలా కొద్దికొద్దిగా పోయించుకున్నాం. క్యాన్లు కాజాలో నింపాం, ట్యాంకు తాండీలో. లడఖ్ చలికాలం కోసమే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. సెప్టెంబరులో అంత అవసరం రాదు. చలికాలంలో వెళ్లేవాళ్లు మాత్రం దాని గురించి అడిగి తెలుసుకోండి.

బయల్దేరే ముందురోజు మేస్త్రీ గారు అక్కయ్య నెయిల్ పాలిష్ తెప్పించుకున్నారు. నిజంగానే. ముదురు ఎరుపు. చక్రాల నట్లు, యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్ బోల్టులు, స్టీరింగ్ రాడ్లు, క్యారియర్ క్లాంపులు, ముఖ్యమైన ప్రతి నట్టునీ కొలతకి బిగించాక, నట్టు మీద నుంచి పక్క లోహం మీదికి ఒక గీత గీశారు. గీత కలిసి ఉంటే నట్టు కదలలేదు. విరిగితే ఎంత కదిలిందో కూడా కనబడుతుంది. "రోజూ సాయంత్రం ఇంజను ఆపాక బండి కిందికి ఒకసారి టార్చ్ కొట్టండి బాబూ. టీ తాగినంత సేపు పని." ఆ సీసా ఖాళీ చేసినందుకు అక్కయ్య దగ్గర నాకు అక్షింతలు పడ్డాయి.

హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. ఎనభై దాటకుండా నడిపాం, చెప్పుకోదగ్గదేమీ లేదు. సిమ్లా దాటి సట్లెజ్ పక్కన పడ్డాకే ఈ ప్రయాణం మొదలైనట్టు. కాజా చేరేసరికి మా ఒళ్లు కూడా ఎత్తుకి కొంత అలవాటు పడింది. అందుకే మనాలి నుంచి ఒక్క దూకులో ఎక్కకుండా ఈ చుట్టుదారి ఎంచుకున్నాం.

టైర్ల గాలి ఎత్తు మీద వింతగా ప్రవర్తిస్తుంది. గేజి చూపించేది లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య తేడానే. హాన్లే ఎత్తులో బయటి ఒత్తిడి బెజవాడ కంటే దాదాపు ఆరు పీఎస్ఐ తక్కువ. చలి మాత్రం లోపలి గాలిని కుంచింపజేస్తుంది. ఇంటి దగ్గర 30 పెట్టి, మళ్లీ ముట్టుకోకపోతే, అక్కడ తెల్లవారుజామున సున్నా డిగ్రీల్లో 31 చూపిస్తుంది. మధ్యాహ్నం ఎండెక్కి టైరు వేడెక్కాక 35 దాటిపోతుంది. పొద్దున్న చూసి సరే అనుకున్నవాళ్లు మధ్యాహ్నం రాళ్ల మీద గట్టి టైర్లతో పోతుంటారు. మేం బాతల్ దారి మొదట్లో ఆగి, నాలుగు టైర్లూ 22కి దించాం. మెత్తబడ్డ టైరు రాయిని పొదువుకుంటుంది, కోసుకోదు, కుదుపు కూడా సగం తగ్గుతుంది. అయితే ఆ గాలితో వేగంగా పోకూడదు, తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. గాలి కొట్టే కంప్రెసర్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజు ఎగిరిపోవచ్చు. బ్యాటరీకే క్లిప్పులు తగిలించి వాడాం, ఇంజను నడుస్తూ ఉండగా.

ఇక ఆ దారి. చంద్రా నది పక్కన గుండ్రాళ్లు, ఇసుక, మధ్యమధ్య రోడ్డుకి అడ్డంగా పారే నాలాలు. కొన్ని చోట్ల రోడ్డేదో నది పడకేదో తేడా తెలియదు. మా థార్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ పార్ట్ టైం రకం. ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. కాబట్టి నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హై, అదే పని నెమ్మదిగా ఎక్కువ బలంతో చేసే ఫోర్ లో రెండూ చక్రం జారడానికి వీలున్న నేల మీదే వేయాలి. గట్టి తారు మీద వేసి మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుపోతాయి, లివరు వెనక్కి రాదు. ఈ రాళ్ల దారిలో మాత్రం ఫోర్ లో, రెండో గేరు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా ఉంచితే బండి తన దారిన తను పాకుతుంది. క్లచ్‌తో పని లేదు. వెనక ఇరుసులో ఉన్న మెకానికల్ లాకర్ ఒక చక్రం గాల్లో తిరిగినప్పుడల్లా టక్కుమని పట్టుకునేది. ఆ చప్పుడుకి మొదట్లో బావ ఉలిక్కిపడేవాడు.

నాలాల సంగతి ధాబాలో లారీ డ్రైవర్లు చెప్పిందే వేదం. పొద్దున్నే దాటాలి. రాత్రి చలికి పైన మంచు కరగదు కాబట్టి తెల్లవారి నీళ్లు మోకాలి కింద ఉంటాయి. మధ్యాహ్నానికి ఎండకి కరిగిన నీళ్లు చేరి, అదే నాలా తొడల దాకా వస్తుంది, అడుగున రాళ్లు కూడా దొర్లుతుంటాయి. ఒక చోట ముందు వెళ్లిన కారు నీళ్ల మధ్యలో గేరు మార్చబోయి ఆగిపోయింది. మేం బూట్లు విప్పి, కర్రతో లోతు చూస్తూ నడిచి, దాని వెనక హుక్కుకి బెల్టు కట్టి వెనక్కి లాగాం. బెల్టు బిగిసినప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడకూడదు. హుక్కు ఊడితే ఎముకలు మిగలవు. చూడ్డానికి గుమిగూడిన కుర్రాళ్లని తరమడానికే బావకి ఎక్కువ కష్టమైంది.

నాలా దాటాక చూడాల్సింది ఇరుసుల్లోని డిఫరెన్షియల్. నడిచీ నడిచీ వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదర్ (లోపలికీ బయటికీ గాలి ఆడే చిన్న గొట్టం) మూసుకుపోయి ఉంటే సీల్ పక్కనుంచి నీళ్లు పీల్చుకుంటుంది. మేస్త్రీ గారు బెజవాడలోనే రెండు బ్రీదర్లకీ రబ్బరు ట్యూబు తొడిగి, పైకి బాడీలోకి లాగి కట్టారు. అయినా ఆ సాయంత్రం ఛత్రు దగ్గర ఫిల్లర్ మర విప్పి వేలు పెట్టి చూశాను. ఆయిల్ తేనె రంగులోనే ఉంది. నీళ్లు కలిస్తే పాలు కలిపిన టీ రంగుకి తిరుగుతుంది.

ఎరుపు గీతలు మొదటిసారి విరిగింది కూడా ఆ సాయంత్రమే. టార్చ్ వేసుకుని కింద దూరితే, వెనక ఎడమ వైపు యూ బోల్టు నట్టు ఒకటి పావు చుట్టు తిరిగి ఉంది. కుడి షాక్ అబ్జార్బర్ కింది నట్టు అంతకంటే కొంచెం ఎక్కువ. క్యారియర్ క్లాంపులైతే నాలుగూ తిరిగాయి. పొద్దున్న బిగిసి ఉన్నవి, ముప్పై నలభై కిలోమీటర్లలో! మరో రోజు అలాగే నడిపి ఉంటే యూ బోల్టు వదులయ్యేది, కమాన్ కట్టల మధ్య సెంటర్ బోల్టు తెగేది, వెనక ఇరుసు పక్కకి జరిగేది. టార్క్ రెంచితో బిగించి, పాత గీత పక్కన కొత్త గీత గీశాం. సైలెన్సర్ వెనక రబ్బరు ఊడి వేలాడుతుంటే బైండింగ్ వైరుతో కట్టాం. ఆ తీగ లేహ్ దాకా ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి నేలకి మెల్లగా తడితే గుప్పెడు బూడిద లాంటి దుమ్ము రాలింది. దాన్ని కంప్రెసర్‌తో బయటి వైపు నుంచి ఊదకూడదు, దుమ్ము కాగితంలోకి ఇంకా లోతుగా పోతుంది. లోపలి వైపు నుంచే, కాస్త దూరంగా పెట్టి ఊదాలి.

తర్వాత రోజుల్లో ఇది అలవాటైపోయింది. బండి ఆగగానే బావ స్టౌ వెలిగించేవాడు, నేను టార్చ్ పట్టుకుని కిందికి దూరేవాణ్ణి. నట్లు, కారుతున్న మరకలు, టైర్ల పక్క గోడలు, బెల్టు, కూలెంట్ మట్టం, ఆయిల్ డిప్‌స్టిక్. చక్రాలకి చేయి ఆనించి చూసేవాణ్ణి. నాలుగింటిలో ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టుకుంటోందనో, బేరింగు పోతోందనో అర్థం. గ్రీజు గన్ మూడు రోజులకోసారి. అన్నం కుక్కర్ విజిల్ వేసేలోపు అంతా అయిపోయేది. ఆ ఎత్తులో కుక్కర్ లేకపోతే బియ్యం ఉడకవు, అది వేరే సంగతి. జాడీల మూతలు ఉబ్బి ఆవకాయ నూనె వెనక సీటంతా కారిన సంగతి అత్తయ్యకి ఇంతవరకూ చెప్పలేదు.

హాన్లేలో చలి గట్టిగానే ఉంది. పొద్దున్న అద్దాల మీద మంచు పొర. తాళం తిప్పి, హీటర్ కాయిల్ గుర్తు ఆరేదాకా ఆగి, ఆపేసి, మళ్లీ ఒకసారి అలాగే చేసి, అప్పుడు సెల్ఫ్ కొడితే రెండో తిప్పుకి అందుకుంది. బయల్దేరే ముందు కొత్త బ్యాటరీ వేసుకున్నాం. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్‌ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీతో అక్కడికి వెళ్లకండి. స్టార్టయ్యాక రేజ్ చేయకుండా కాసేపు ఊరికే నడవనిచ్చేవాళ్లం, ఆయిల్ టర్బోకి అందాలి కదా.

ఉమ్లింగ్ లా 19,024 అడుగులు. సరిహద్దు రోడ్ల సంస్థ (బీఆర్వో) వేసిన ఈ రోడ్డు 2021లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డుగా గిన్నిస్‌కి ఎక్కింది. పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానికి సగం. రోడ్డు బాగానే ఉంది, ఊపిరే బాగాలేదు, మాకూ బండికీ. పదిహేను వందల ఆర్‌పీఎం కిందికి పోతే బండి నడవనని మొరాయించింది. మలుపుకి ముందే గేరు దించి, ఆ పైన తిప్పుతూ ఎక్కించాం. పైన పది నిమిషాలు ఉండి, దిగేటప్పుడు రెండో గేరులోనే, బ్రేకుని అప్పుడప్పుడూ తాకుతూ వచ్చాం.

వచ్చాక చేయించిన పని వెళ్లే ముందు చేయించినదానికి తీసిపోదు. ముందు నీళ్ల పైపుతో ఛాసిస్ సందుల్లో మట్టి కడిగించాం, రెండు బకెట్ల ఇసుక దిగింది. రెండు డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు, గేరుబాక్సు ఆయిళ్లు, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు మార్చాం. ముందు చక్రాల బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టించాం. కుడివైపుది గరగరమంటోందని మార్చేశారు. చక్రాల అలైన్‌మెంట్ తప్పింది, సరిచేశారు. కమాన్ కట్టలు విప్పినప్పుడు మాత్రం మేస్త్రీ గారు నన్ను పిలిచి చూపించారు. ఎడమవైపు రెండో పట్టీ మీద, సెంటర్ బోల్టు రంధ్రం పక్కన, వెంట్రుక మందాన పగులు. గోరు పెట్టి గీస్తే తగులుతోంది. బరువు వెనక్కి ఎక్కువ పడితే పట్టీలు పగిలేది అక్కడేనట.

"కాటా వేయించుకుని దించిన సామాను కూడా ఉండుంటే, ఇది రోడ్డు మీదే విరిగేది బాబూ," అన్నారు.

రెండు వైపులా పట్టీలు మార్చి, కొత్త సెంటర్ బోల్టులు వేశారు. వచ్చే ఏడాది జాంస్కర్ అంటున్నాడు బావ. గేరుబాక్సు వెనక సీల్ దగ్గర కొంచెం చెమ్మ కనబడుతోంది, అది ముందు చూడాలని మేస్త్రీ గారు అన్నారు. సోమవారం బండి ఆయనకి అప్పజెప్పాలి.